నడిపించుకుంటనే పోండ్రి

ఆబిడ్స్‌లో సైకిళ్ల దుకాణం నడిపే వామన్‌రావుకు సైకిల్ తొక్కడం రాదు.

నవ్వకండి. తాత పెట్టిన దుకాణం. పుట్టినప్పటి నుంచి చుట్టూ సైకిళ్లే. చేపపిల్లకు ఈత నేర్పాలా అని ఎవరూ నేర్పలేదు. ఎనిమిదో తరగతిలో దొంగచాటుగా ఒకసారి ఎక్కి, నాంపల్లి స్టేషన్ ముందు మిర్చి బజ్జీల బండి మీద పడ్డాడు. మళ్లీ ఎక్కలేదు. వయసు పెరిగిన కొద్దీ 'నాకు రాదు' అనే మాట నోటికి రావడం ఇంకా కష్టమైంది. సైకిళ్లాయనకు సైకిల్ రాదంటే జనం ఊరుకుంటారా!

దాని మీద ఒక అబద్ధం కూడా. పెళ్లిచూపుల్లో మామగారు "సైకిల్ మీద ఎంత దూరం పోయినవు?" అని అడిగితే, నోరు ఊరుకోక "బీదర్ దాకా" అనేశాడు. భార్య అనసూయ ఆ ముచ్చట ముప్ఫై ఏళ్లుగా వచ్చిన చుట్టానికల్లా చెబుతోంది. "మా ఆయన బీదర్ దాకా తొక్కిండు" అని ఆమె మొదలుపెట్టినప్పుడల్లా ఆయన మంచినీళ్లకని లేచిపోతాడు.

మరి ఇన్నేళ్లు ఎట్లా నెట్టుకొచ్చాడంటారా? ట్రాఫిక్ దయ. నాంపల్లి ఇంటి నుంచి ఆబిడ్స్‌కు రోజూ సైకిల్‌తోనే పోతాడు. కాకపోతే పక్కన నడిపించుకుంటూ. ఆ ఆటోల మధ్య, బస్సుల మధ్య సైకిల్ ఎందుకు ఎక్కవని ఎవరూ అడగరు. పైగా అనసూయ రోజూ పొద్దున్నే బాల్కనీలో నిలబడి, గల్లీ అంతా వినబడేట్టు కేక పెడుతుంది.

"జర ఎక్కకుండ్రి! నడిపించుకుంటనే పోండ్రి, ట్రాఫిక్ మస్తుగున్నది!"

పిచ్చిది, ట్రాఫిక్ అంటే ఎంత భయమో అనుకుంటాడు వామన్‌రావు. అదే అనసూయ కూరగాయలకు పోతే ఆర్టీసీ బస్సుకు చెయ్యి అడ్డం పెట్టి రోడ్డు దాటుతుంది. పెళ్లయిన కొత్తలో ఒకసారి, సైకిల్ మీద పబ్లిక్ గార్డెన్ దాకా తీసుకుపొమ్మని అడిగింది. ఆయన మోకాలు నొప్పి అన్నాడు. ఆమె మళ్లీ అడగలేదు.

అట్లా సాఫీగా పోతున్న సంసారంలోకి శశికిరణ్ వచ్చాడు. హిమాయత్‌నగర్ పిల్లవాడు, వామన్‌రావు దగ్గరే గేర్ల సైకిల్ కొన్నాడు.

"అంకుల్, ఈ ఆదివారం మా బ్యాచంతా మిర్యాలగూడ దిక్కు పోతున్నం. కాలువ కట్ట మీద సైకిల్ టూర్. అన్నీ మీ దుకాణం బండ్లే. ముందల మీరు తొక్కాలె, ఎనుక మేము."

వామన్‌రావు తప్పించుకునే దారి వెతికాడు. "గాడ ట్రాఫిక్ ఉంటదేమో?"

"ట్రాఫిక్కా! కట్ట మొదట్ల ఇనుప గేటు పెట్టి తాళమేసిన్రు. మోటరు బండి ఒక్కటి రాదు. గీ దిక్కు కాలువ, గా దిక్కు వరిపొలాలు. అరచెయ్యి లెక్క సాపు నేల. చిన్నపోరలు సుత తొక్కుతరు."

"దుకాణం…"

"ఆదివారం బందే కద అంకుల్! మీ మెట్ల మీద పాత పుస్తకాలోళ్లు కూసుంటరు."

ఇక మిగిలింది ఒకటే ఆశ. ఇంటికి పోయి సంగతి చెప్పి, "నువ్వొద్దంటే పోను" అన్నాడు, వద్దంటుందని.

అనసూయ చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"నేనెందుకొద్దంట? నేను సుత వస్త. సద్ది కట్టుకొస్త."

అయిపోయింది. దుకాణం పరువంటారా, నాలుగు రోజులు నవ్వుకుని జనమే మరిచిపోతారు. ఆయన భయమంతా అనసూయ గురించి. బీదర్ అబద్ధమని తెలిశాక, ఈ మనిషి చెప్పిన మిగతా మాటల్లో నిజమెంత అని ఆమె వెనక్కి తవ్వుకోదా? ఆ ఊహకే వామన్‌రావుకు అన్నం సయించలేదు.

ఆదివారం పొద్దున వ్యాన్లు గేటు బయటే ఆగిపోయాయి. పక్కనున్న సందులోంచి సైకిళ్లు ఒక్కొక్కటే కట్ట మీదికి ఎక్కించారు. ముందు సైకిల్‌కు బంతిపూల దండ వేశారు. కొబ్బరికాయ కొట్టారు. అందరూ ఫోన్లు బయటికి తీశారు.

"కానియ్యుండ్రి అంకుల్! బీదర్ దాకా పోయినోళ్లకు గిదెంత!" అన్నాడు శశికిరణ్. వ్యాన్‌లో అనసూయ వాళ్లకూ చెప్పింది మరి.

వామన్‌రావు ముందుకు చూశాడు. కాలువ నిండుగా పారుతోంది. బాట కనుచూపు మేర తిన్నగా పోయింది. దాని మీద ఒక్క కొంగ తప్ప ఇంకో ప్రాణి లేదు. ఇంత ఖాళీ రోడ్డు ఆయన జన్మలో చూడలేదు. చూడకపోయినా బాగుండేది.

ఎడమ కాలు పెడల్ మీద పెట్టాడు. కుడి కాలు ఎత్తి అవతలికి వేశాడు. చప్పట్లు మొదలయ్యాయి. హ్యాండిల్ మెల్లగా కాలువ వైపు తిరిగింది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

వెనక గేటు దగ్గర సద్దిమూట పట్టుకుని నిలబడ్డ అనసూయ, ఆ ఖాళీ బాట వైపు చెయ్యి చూపి, నాంపల్లి గల్లీలో రోజూ పెట్టే కేకే పెట్టింది: "జర దిగుండ్రి! నడిపించుకుంటనే పోండ్రి, ఎదురుంగ లారీ వస్తున్నది!"