శుక్రవారం భోజనం

వడ్డించడానికి సాయం చేద్దామని కొంగు దోపుకుని కార్లా వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి మీద ఏమీ లేదు.

కార్లా మా ఆయన బాస్ భార్య, ఇటలీ ఆవిడ. శుక్రవారం సాయంత్రాలు ఆఫీసు వాళ్ళంతా ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్ళో కార్లా వాళ్ళింట్లో చేరతారు. మా ఆయన రాత్రి ఎప్పుడో వచ్చి, "అక్కడే తినేశానే" అంటారు. నేను వండినదాని మీద మూత కూడా తీయరు.

నన్నూ తీసుకెళ్ళమంటే, "ఇంగ్లీషు రాదు, నీకక్కడ ఏం తోస్తుంది?" అనేవారు. ఈసారి కార్లాయే ఫోన్ చేసి పిలిచింది. ఆయనకి తప్పలేదు.

భోజనానికి పిలిచారు కదా అని మధ్యాహ్నం తినలేదు. వచ్చి గంటయింది. గ్లాసుడు జ్యూసు, కాసిని చిప్స్, నాలుగు ఉప్పటి ఆలివ్ కాయలు ఇచ్చారు, అంతే. కడుపు మండిపోతోంది.

"డిన్నర్?" అని నెమ్మదిగా అడిగాను.

కార్లా నవ్వి, నాకు అర్థమయ్యేలా ఒక్కో మాటే చెప్పింది. "డిన్నర్ మేమెప్పుడూ పెట్టం. దీన్ని అపెరిటీవో అంటాం, ఆకలి పుట్టడానికే. చీకటి పడకముందే అందరూ ఇళ్ళకి వెళ్ళి తింటారు. అందరికంటే ముందు లేచేది మీ ఆయనే. ఇంట్లో భార్య కాచుకుని ఉంటుందంటాడు."

వరండాలోంచి మా ఆయన పిలిచారు. "రావే, ఇంటికెళ్దాం. ఆకలేస్తోంది."

"ఏ ఇంటికండీ?" అన్నాను.