నక్క చెప్పిన నిజం

ఓయ్దిన్ మళ్లీ వీధిలోకి తొంగిచూసి వచ్చి కూర్చుంది. కూర్చోలేక లేచింది.

"గడప అరిగిపోతుంది చెల్లీ," అన్నాడు టీ అంగడి ఇస్మత్. "ఇంకా రాలేదా మీ పెద్దాయన?"

"రాకపోతే నా పరువు పోతుందన్నా. కాసేపట్లో జనం వస్తారు. చెప్పబోయే కథకి చివర లేదు."

బుఖారా గ్రంథాలయంలోని పాత రాతప్రతిలో ఆ కథ సగంలోనే ఆగిపోయింది. నక్క ఉచ్చులో పడింది. తాడు కొరకడానికి వచ్చిన ఎలుక, "ముందు ఒక్క నిజం చెప్పు" అంది. ఆ తర్వాతి ఆకు లేదు.

నక్క ఏం చెప్పిందో తెలిసినవాడు ఒక్కడే మిగిలాడు. ఓయ్దిన్ చిన్నప్పుడు రేడియోలో కథలు చెప్పిన సలోహిద్దీన్. గిజ్దువాన్ నుంచి ఇవాళ వస్తానని కబురు పంపాడు.

ఆయన ముఖం ఆమె ఎన్నడూ చూడలేదు. కానీ ఆ గొంతు! అంత గొంతున్న మనిషి తలుపంత ఉంటాడని ఆమె నమ్మకం.

తలుపు తోసుకుని బక్కచిక్కిన ముసలాయన ఒకడు వచ్చాడు. అంత ఎండలోనూ మెడకి ఉన్ని గుడ్డ చుట్టుకున్నాడు. తిన్నగా ఆమె ఎదుట కూర్చుని, రంపం కోసినట్టు గరగరమన్నాడు.

"పిల్లలూ, చెవులు నిక్కించండి. తోకలు ముడవండి."

రేడియో కథ ఎప్పుడూ ఆ మాటతోనే మొదలయ్యేది. తన బాల్యాన్ని ఎవరో గోళ్లతో గీకుతున్నట్టనిపించింది ఓయ్దిన్‌కి.

"తాతా, ఆ మాట అనడం ఈ ఊళ్లో గాడిదలకీ వచ్చు. ఆనక వచ్చి వినండి."

ముసలాయన నవ్వాడు. "నక్క ఏమందంటే, బిడ్డా..."

"అక్కడ మా పెద్దాయన కూర్చోవాలి!"

ఆమె టీ కూజా అందుకుంది. గౌరవించే అతిథికి సగం గిన్నే పోస్తారు, మళ్లీ మళ్లీ పోయడానికి. ఆమె అంచుదాకా నింపింది.

ఇస్మత్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. "అదేం పని చెల్లీ! లేచి పొమ్మంటావా ముసలాయన్ని?"

ముసలాయన నిండు గిన్నెవైపు కాసేపు చూశాడు. గుండెమీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు. టీ ముట్టకుండా బయటికి నడిచి, మలుపులో ఆగిన బస్సెక్కాడు.

బస్సు కదిలింది. జనం వచ్చి కూర్చుంటున్నారు. ఓయ్దిన్ ఫోను మోగింది.

"అక్కా, నేను సలోహిద్దీన్ గారి అమ్మాయిని. నాన్న చేరాడా? ఆపరేషన్‌తో గొంతు పోయినప్పటినుంచి ఎవరి ముందూ నోరు విప్పని మనిషి, మీరైతే మొదటి మాటకే పోల్చుకుంటారని ఇవాళ ఒక్కడే బయల్దేరాడు."