తోడికోడళ్ళ హోటల్

హోటల్ పెట్టేముందు నలుగురినీ మంచి చేసుకోవాలని పెద్దకోడలు ఏడాదిపాటు కాళ్ళరిగేలా తిరిగింది. కూరగాయల టోకు వ్యాపారినీ, గ్యాస్ ఏజెన్సీ గుమాస్తానీ, బేకరీ యజమానినీ కలిసింది. తన వంట అంతంతమాత్రమే కనుక, వెళ్ళిన ప్రతిచోటా తోడికోడలు వండిచ్చిన డబ్బా విప్పి రుచి చూపించింది.

చివరికి హోటల్‌కి గది మాట్లాడుకుని ఇంటికొచ్చేసరికి తోడికోడలు గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"అక్కా, బేకరీ ఆయన కబురు పెట్టాడు. వంటగదంతా నన్నే చూసుకోమన్నాడు. నెల తిరిగేసరికి జీతం! పిల్లల చదువుల బెంగ తీరింది. అంతా నీ చలవే."

"మరి మన హోటల్?"

"నీకు తెలియనివాళ్ళెవరు? ఇంకో వంటమనిషి దొరక్కపోదు. అవునూ, ఆయన మంచివాడేనా అక్కా? నువ్వు వద్దంటే మానేస్తాను."

పెద్దకోడలికి, మంచివాడు కాదన్న అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"చాలా మంచివాడే," అంది.