పుట్ట పేరున పది గింజలు

చీమల పుట్టను కరువులో నాగదేవత కాపాడిందని అందరూ చెబుతారు. దానికి ఆధారం లేదు.

పుట్టలో వాటా వెల ఒక్క గింజ. పుట్ట నిలదొక్కుకున్నాక చేరేవారంతా పదకొండు ఇవ్వాలి; ఆలస్యంగా చేరిన కీచురాయీ అన్నే ఇవ్వవలసి వచ్చింది.

"ఏం పెద్దమ్మా, మిగతా పదీ మింగేశారా?" అని అది ముసలి చీమను ఎద్దేవా చేసింది.

"ఒకటి నీ పేరున, పది పుట్ట పేరున నాయనా. కరువొస్తే తప్ప వాటిని ఎవరూ ముట్టరు."

రెండేళ్లు చినుకు రాలలేదు. ఆకలితో సోలిపోతున్న కీచురాయిని ముసలి చీమ అట్టడుగు గదికి నడిపించింది. తరతరాలుగా చేరినవారి గింజలు అక్కడ కప్పును తాకుతున్నాయి. కీచురాయి తలెత్తి ఆ రాశిని కప్పు దాకా చూసింది.

"నీ పదీ ఇందులోనే ఉన్నాయి," అంది చీమ.

ఆ గది తెరిచినది శార్వరి నామ సంవత్సర వైశాఖ శుద్ధ తదియ నాడు. ఆషాఢ పౌర్ణమికి వాన కురిసేసరికి పుట్టలో ఒక్క ప్రాణమూ తగ్గలేదు.