ఇద్దరి దెబ్బా తిన్నవాడు

"సెప్పవయ్యా జ్ఞానరత్నం. ఇద్దర్లో ఎవుడు గొప్ప?"

రైల్వే ఇన్‌స్టిట్యూట్ కార్యదర్శి తవిటయ్య అలా అడగడం మూడోసారి. డ్యూటీ దిగి నేరుగా వచ్చిన జ్ఞానరత్నానికి కాళ్ళు లాగేస్తున్నాయి. చేతులకు ఇంకా గ్రీజు వదల్లేదు. ఖరిదాలోని ఇల్లు చేరి చాప మీద వాలితే చాలనిపిస్తోంది.

హాలుకు కొత్తగా సున్నం వేశారు. గుమ్మానికి ఎదురుగా ఒకే ఒక్క ఫొటో పెట్టాలని కమిటీ అనుకుంది. ఖరగ్‌పూర్ వెల్టర్‌వెయిట్ బాక్సర్లలో అందరికంటే గొప్పవాడిది. నలభై ఒకటిలో గెలిచిన సమూయేలుదా, యాభై మూడులో గెలిచిన లూకాదా? వారం రోజులుగా వర్క్‌షాపులో ఇదే గొడవ.

"అమెరికా బాక్సర్లలో ఆర్మ్‌స్ట్రాంగ్ గొప్పా, రాబిన్సన్ గొప్పా అంటే మనం ఏటి సెప్పగలం? ఆళ్ళ దెబ్బలు మనం తిన్లేదు. నువ్వయితే ఈళ్ళిద్దరి సేతిలోనూ ఓడినావు. నీ మాటే ఆఖరు," అన్నాడు తవిటయ్య.

సమూయేలుకు యాభై ఏళ్ళు. ఒక చెవి పోయింది. రెండో చెవి ఇటు తిప్పి బెంచీ మీద కూర్చున్నాడు. లూకా తలుపు దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు.

సమూయేలు కొట్టిన దెబ్బ జ్ఞానరత్నానికి ఇరవై ఏళ్ళయినా గుర్తే. దవడ కదిలిపోయింది. నోట్లో ఉప్పటి నెత్తురు. నెల రోజులు గంజి తప్ప ఏమీ దిగలేదు.

లూకాతో పోటీ అంటే గుర్తొచ్చేది జనం కేకలు. మూడో రౌండు. ముందు వరసలో లూకా తల్లి, పక్కన ఆవిడ ముగ్గురు ఆడపిల్లలు. గెలిస్తే కొడుక్కి ఉద్యోగం పర్మనెంటు చేస్తామన్నారు పైవాళ్ళు. ఆవిడ చూడలేక కొంగుతో కళ్ళు మూసుకుంది.

"సమూయేలన్న దెబ్బ గట్టిదే," అన్నాడు జ్ఞానరత్నం చివరికి. "పడ్డాక లేసినాను గానీ, మళ్ళీ పడిపోయినాను. లూకా కొట్టినపుడు లెగనే లేదు. అందరూ సూసినారు కదా. లూకాయే."

చప్పట్లు మోగాయి. లూకా కళ్ళు చెమ్మగిల్లాయి. సమూయేలు నెమ్మదిగా లేచి, లూకా చేయి పట్టుకుని ఊపి, ఎవరి వంకా చూడకుండా బయటికి నడిచాడు.

జ్ఞానరత్నం సైకిలు నడిపించుకుంటూ వెనకే వెళ్ళాడు. గేటు దాటాక అతన్ని కలుసుకున్నాడు.

"ఒరే, ఫొటో కోసం కాదు," అన్నాడు సమూయేలు. "కుర్రోడు మంచోడే. ఒక్కటే అడుగుతాను. నా గుద్దు కంటే ఆడిది అంత గట్టిదా?"

జ్ఞానరత్నం ఆగిపోయాడు. ఎనిమిదేళ్ళుగా ఆ సంగతి మోస్తున్నాడు. ఇక ఓపిక లేదు.

"ఎవులికీ సెప్పకన్నా."

"సెప్పన్లే."

వినిపించే చెవి దగ్గరికి వంగాడు జ్ఞానరత్నం.

"ఆడి గుద్దు నాకు తగల్లేదు."