బరువుకి తగ్గ గాలి

"వెనక కూడా సస్పెన్షన్ ఉన్నదే తీసుకుంటాను. కొండ దిగేటప్పుడు నా నడుం ఏమైపోవాలి?" అన్నాడు భర్త, షాపులో సైకిలు సీటు నిమురుతూ. ముందు మాత్రమే సస్పెన్షన్ ఉండే హార్డ్‌టెయిలా, వెనక కూడా ఉండే ఫుల్ సస్పెన్షనా అని నెల్లాళ్లుగా ఇంట్లో ఇదే గోల.

"మొదటి అంతస్తుకి లిఫ్టెక్కే నడుం కదా, అపురూపంగానే చూసుకోవాలి," అంది భార్య.

షాపతను పంపు తెచ్చాడు. "వెనక సస్పెన్షన్‌కి మనిషి బరువుని బట్టి గాలి కొట్టాలి సార్. మీ బరువెంత?"

"డెబ్బై," అన్నాడు భర్త, పొట్ట లోపలికి లాక్కుని.

గాలి కొట్టాక ఠీవిగా ఎక్కి కూర్చున్నాడు. సైకిలు వెనక భాగం ఉస్సురంటూ అడుక్కంటా దిగిపోయింది.

"ఇదేం నాసిరకం సరుకండీ! ఆ హార్డ్‌టెయిలే నయం."

"పాపం, మీ అబద్ధాలు మొయ్యడం దానికి కొత్త. నాకైతే అలవాటైపోయింది," అంది ఆవిడ.

షాపతను పార్సిళ్లు తూచే మెషీను ముందుకు జరిపాడు. భర్త ఎక్కితే తొంభై చూపించింది.

"అన్యాయం! ఇంట్లో మెషీను డెబ్బయ్యే చూపిస్తుంది. నేను ముల్లు వెనక్కి తిప్పింది పది కిలోలే!" అనేసి నాలిక కరుచుకున్నాడు.

ఆవిడ పకాలున నవ్వబోయి ఆగిపోయింది. ఇంట్లో ఆ మెషీను ఎక్కేది ఇద్దరే.

"మిగతా పదీ?" అన్నాడు భర్త మెల్లగా, ఆవిడ వైపు తిరిగి.

ఆవిడకి ఉన్నట్టుండి గోడకి వేలాడుతున్న సైకిలు గంటల మీద ఎక్కడలేని ఆసక్తి పుట్టుకొచ్చింది.

"ఇంతకీ ఏది ఇమ్మంటారు సార్?"

"రెండూ. హార్డ్‌టెయిల్ నాకు, ఇది మా ఆవిడకి. బరువు మాత్రం ఆవిణ్ణి అడక్కండి, మీ మెషీనెక్కించండి."