ఎర్ర తీగ

“నా బండి గుండెకి చిల్లి పెడతారా అల్లుడుగారూ?” అంటూ మామ డ్రిల్లింగ్ మిషన్ వైరు ప్లగ్గులోంచి పీకేశాడు.

లారీ క్యాబిన్ ముందుకు వంచి ఉంది. ఇంజను పక్కన, కాలిన పొగ టర్బోలోకి వెళ్లే ఇనుప గొట్టం మీద సుద్దముక్కతో చుక్క పెట్టుకుని అల్లుడు నిలబడి ఉన్నాడు. కాలేజీలో పాఠాలు చెప్పుకునే మనిషి. వేలికి గ్రీజంటితే రుమాలు తీసి తుడుచుకునే రకం. ఆ రుమాలు కంటబడితే చాలు, మామకి ఒళ్లు మండుతుంది.

“చిన్న చిల్లే మామయ్యగారూ. అందులో ఈ పుల్ల దిగుతుంది. పొగ ఎంత వేడెక్కిందో మీ ముందున్న మీటర్లో సూది చూపిస్తుంది. ఎర్ర గీత దాటితే మీరు కాలు తియ్యాలి, అంతే.”

“జ్వరం పుల్లన్నమాట! నోట్లో పెట్టాలా, చంకలో పెట్టాలా? ముప్ఫై ఏళ్లుగా ఈ కాలు ఎప్పుడు తియ్యాలో నాకు చెప్పిన మగాడు లేడు. ఇప్పుడు సూది చెబుతుందా?”

“పోయినేడు టర్బో మాడ్చేశావు నాన్నా,” అంది షెడ్డు గుమ్మంలో నిలబడ్డ కూతురు. “ఈసారి ఇంజనే పోయిందంటే బండిని పాతినుము కింద తూకానికి వెయ్యాలి. మనకున్నది ఇదొక్కటే.”

మామ కూతురి మొహం చూశాడు, అల్లుడి రుమాలు చూశాడు.

“సరే, బిగించుకోండి. మధ్యాహ్నం కంకర లోడుతో గుట్ట ఎక్కిస్తాను. సూది లేచిందా, బండి ఉన్నన్నాళ్లూ దాని మాట వింటాను. లేవలేదా, పీకి మురిక్కాలవలో పారేస్తాను. మళ్లీ నా ఇంట్లో మీటరన్న మాట వినపడకూడదు.”

“ఒట్టేనా నాన్నా?”

“ఒట్టే.”

అల్లుడు ప్లగ్గు పెట్టుకున్నాడు. ఇనుప రజను టర్బోలో పడకుండా డ్రిల్లు మొనకి గ్రీజు పూశాడు.

“చంటిపిల్ల బుగ్గకి రాసినట్టు ఎంత ముద్దుగా రాస్తున్నారండీ!” అన్నాడు మామ.

చిల్లి పడింది. అల్లుడు అయస్కాంతంతో రజనంతా లాగేసి, చిల్లి లోపల మరచుట్లు కోసి, పుల్ల బిగించాడు. మామ దాన్ని విప్పి మళ్లీ తన చేత్తో బిగించాడు. అల్లుడు పుల్ల నుంచి వచ్చే జంట తీగని ఒకచోట క్లిప్పుతో కట్టాడు. మామ ఆ క్లిప్పు ఊడదీసి బెత్తెడు అవతల కట్టాడు. ఆయన తీరే అంత. పోయిన వారం అల్లుడు గోడగడియారం తగిలిస్తే, దాన్ని దించి మళ్లీ అదే మేకుకి తగిలించి “ఇప్పుడు తిన్నగా ఉంది” అన్నాడు.

క్యాబిన్ దించాక అల్లుడు లోపలికెక్కి డ్యాష్‌బోర్డు మీద మీటరు బిగించాడు. ఇక మిగిలింది దాని వెనక రెండు మరలు, రెండు తీగలు.

“ఇదొక్కటే జాగ్రత్తగా చూడాలి మామయ్యగారూ. ఎర్ర తీగ ప్లస్‌కి, పసుపుది మైనస్‌కి. తారుమారైందంటే ఎంత వేడెక్కినా సూది లేవదు, సున్నా మీద పడి నిద్రపోతుంది.”

“ఎర్రది ప్లస్సని చెప్పడానికి కాలేజీకెళ్లాలా? బ్యాటరీలు మోసే కూలీని అడిగినా చెబుతాడు.”

“అవునండీ,” అని అల్లుడు రెండు తీగలూ అలాగే బిగించి, స్క్రూడ్రైవరు సీటు మీద పెట్టి చేతులు కడుక్కోవడానికి ఇంట్లోకి వెళ్లాడు. ఐదు నిమిషాలైంది, పదైంది. నీళ్ల చప్పుడు ఆగలేదు.

“పెళ్లికూతురి స్నానం!” అనుకున్నాడు మామ. స్క్రూడ్రైవరు వంక చూశాడు. గుమ్మం వంక చూశాడు. ఒట్టు గుర్తొచ్చింది, మురిక్కాలవ కూడా గుర్తొచ్చింది. రెండు మరలూ విప్పి, ఎర్రది పసుపు చోట, పసుపుది ఎర్ర చోట పెట్టి బిగించి, స్క్రూడ్రైవరు ఎక్కడుందో అక్కడే పెట్టేశాడు.

మధ్యాహ్నం ముగ్గురూ కంకర లోడుతో బయల్దేరారు. మామ మహా హుషారుగా ఉన్నాడు.

“చూడమ్మా, మీ ఆయన పనితనం ఇవాళ కళ్లారా చూడు!”

గుట్ట మొదలైంది. మామ గేరు తగ్గించకుండా కాలు అడుగంటా తొక్కి పట్టాడు. ఇంజను మూలిగింది.

సూది లేచింది.

మూడొందలు. నాలుగొందలు. మామ వేలితో అద్దం మీద కొట్టాడు. ఐదొందలు. మళ్లీ కొట్టాడు. ఆరొందల యాభై. సూది ఎర్ర గీత ఎక్కి, దాటింది.

“నాన్నా, కాలు!”

మామ తన కాలి వంక ఎవరిదో కాలన్నట్టు చూశాడు. ఒట్టు వేసిన నోరు తనదే. కాలు తీసి, గేరు తగ్గించాడు. సూది బుద్ధిగా కిందికి దిగింది.

గుట్ట మీద బండి ఆపి చాలాసేపు మీటరునే చూశాడు. సూది లేవకూడదని చెప్పాలంటే ఎందుకు లేవకూడదో కూడా చెప్పాలి.

“అల్లుడుగారూ... ఎర్రది ప్లస్‌కే బిగించారా?”

“మీ కళ్ల ముందే కదండీ. ఏం?”

“ఏం లేదు. ఊరికే అడిగాను.”

దారంతా సూది గీత దగ్గరికొచ్చినప్పుడల్లా మామ కాలు తీశాడు.

ఇంటికొచ్చాక కూతురు మీటరు అట్టపెట్టె సర్దుతూ అందులో ఉన్న కాయితం మడత విప్పింది. చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

“ఏమండీ, ఇందులో పసుపు తీగ ప్లస్‌కి, ఎర్రది మైనస్‌కి అని రాసుందే!”

“అవును. ఈ మీటరుకి అంతే.”

“తెలిసీ తప్పుగా ఎందుకు బిగించారు?”

అల్లుడు రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“సరిగ్గా బిగిస్తే మీ నాన్నగారు ఉండనిస్తారా?”